ఆవిరి వైపు

మా లాండ్రీలో దుప్పట్లు ఇద్దరిద్దరుగా మడతపెడతాం. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ డ్రమ్ముల్లో ఉతికి, పిండి, మంచమంత వెడల్పున్న రోలరు మీదుగా పంపిస్తారు. పొగలు కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని ఒకరు రోలరు దగ్గర నిలబడి అందుకోవాలి. రెండో మనిషి ఎదురుగా ఉండి మిగతా రెండు మూలలూ పట్టాలి. రోలరు దగ్గర నిలబడటాన్ని ఆవిరి వైపు అంటాం. ఆవిరి వైపు నిలబడ్డవాళ్ల ముఖం సాయంత్రానికి ఉడికిన దుంపలా అవుతుంది. మిషన్ల మోతలో మాట వినపడదు కాబట్టి అన్నీ చేతులతోనే చెప్పుకుంటాం. రెండుసార్లు గుంజితే "సిద్ధమా?" అని. తిరిగి ఒకసారి గుంజితే "కానీ" అని. ఆ తర్వాత విదిలించడం, ఎదురెదురుగా నడవడం, మూలలు అప్పగించడం.

నా జోడీ రేకు. రేకుల కప్పు మీద వాన పడ్డట్టు మాట్లాడుతుందని ఆ పేరు. నన్ను మూగి అంటారు. మాటలు రాక కాదు, ఎక్కువ మాట్లాడను. "నీ వాటా మాటలు కూడా నేనే వాడేస్తున్నా, ఏమనుకోకే" అనేది రేకు.

మూడేళ్ల కిందట ఇద్దరం కలిసి ఒక సినిమా చూశాం. రేవులో మూటలు మోసే ఇద్దరు స్నేహితురాళ్ల కథ. ఒకతి పొట్టి, ఒకతి పొడుగు. చివర్లో పొట్టిదాని మీదికొచ్చిన కత్తికి పొడుగుది అడ్డం వెళ్తుంది. కత్తి పిడి దాకా దిగుతుంది. పొడుగుది నీళ్లలో పడిపోతుంది. అంతే. తెర నల్లబడి, మిగతాది రెండో భాగంలో చూడండి అన్నారు. జనం కుర్చీలు తన్నారు.

"బతుకుతుంది" అంది రేకు బయటికి వస్తూనే.

"బతకదు. పిడి దాకా దిగింది."

"నీ నోట్లోంచి వచ్చేవి నాలుగు మాటలు, అవీ చావు మాటలేనా? సరే, పందెం. ఓడినవాళ్లు ఏడాది పాటు ఆవిరి వైపు. ఒకళ్లని వదిలేసి ఒకళ్లు చూడకూడదు."

ఒట్టు వేసుకున్నాం.

ఆ తర్వాత రేకుకి పెళ్లయింది. అతను వ్యానులో సరుకులు చేరవేసే డ్రైవరు. రేకు ఇంట్లో కూడా నోరు మూసుకోలేదు. పొడుగుది బతికితే ఎలా బతుకుతుంది, పొట్టిది పగ ఎలా తీర్చుకుంటుంది, రెండో భాగం వచ్చిన రోజు మొదటి ఆటకే వెళ్లాలి అని అన్నం వడ్డిస్తూ చెప్పేదట. మొదట్లో అతను నవ్వేవాడు. తర్వాత చెంప మీద కొట్టాడు. తర్వాత బెల్టు తీశాడు. రేకు పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. ఒకరోజు ఎదురు చెప్పిందని దాని కుడిచేతి చూపుడువేలు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. మళ్లీ తెరిచి ఇంకోసారి వేశాడు.

మర్నాడు చేతికి గుడ్డ చుట్టుకుని పనిలోకి వచ్చింది. దుప్పటి మూల పట్టుకోబోయి, పట్టలేక, నేల మీద కూలబడింది. డ్రమ్ముల దగ్గర పనిచేసే పెద్దక్క ఒక్క మాట అడగలేదు. దాన్ని తనింటికి తీసుకెళ్లి మేడ మీద గదిలో పెట్టి బయట తాళం వేసింది. "లోపల్నుంచి గడియ కూడా వేసుకో. నేను పిలిస్తే తప్ప తియ్యకు" అంది.

అతను లాండ్రీకి వచ్చాడు. వాచ్‌మన్‌ని గోడకేసి కొట్టి, మడతలు పెట్టిన దొంతరలన్నీ తన్నుకుంటూ బల్లల కింద వెతికాడు. చివరికి నా దగ్గరికొచ్చి జడ చేతికి చుట్టుకుని నా ముఖాన్ని రోలరు మీదికి వంచాడు. ఆవిరికి కనురెప్పలు అంటుకుపోయాయి.

"ఎక్కడుంది?"

ఇంకా కిందికి నొక్కాడు. చెంప మీద చర్మం ముడుచుకోవడం నాకే తెలిసింది.

"మూగదాన్ని అడుగుతావేంట్రా, సిగ్గులేనోడా!" పెద్దక్క తడి గుడ్డల బకెట్టు ఎత్తి అతని వీపున కొట్టింది. మగవాళ్లు అప్పుడు వచ్చారు. పోతూ పోతూ అతనన్నాడు: "ఎక్కడికి పోతుంది? దొరికిన రోజు దాని గొంతు కోసి, అప్పుడు మాట్లాడమంటా."

వారాలు గడిచాయి. రెండో భాగం వస్తున్నట్టు గోడలన్నిటి మీదా పోస్టర్లు పడ్డాయి.

"నీ స్నేహితురాలికి పిచ్చి పట్టింది" అంది పెద్దక్క డబ్బాలో సబ్బుపొడి కొలుస్తూ. "శుక్రవారం సినిమాకి పోతానంటోంది."

"వద్దని చెప్పు."

"చెప్పానే తల్లీ! సినిమా ఎక్కడికీ పారిపోదు, నెల ఆగమన్నా. ఏమందో తెలుసా? 'వాడి వల్ల నా వేలు పోయింది, నా ఇల్లు పోయింది. నా సినిమా కూడా పోవాలా?' అంది. నేను తాళం తియ్యకపోతే గోడ దూకుతుందట. అదీ దాని మొండితనం. నువ్వు రాకపోతే ఒంటరిగానే పోతుంది."

అక్కడే మేం తప్పు చేశాం. దారిలో ఎవరూ చూడకూడదని అన్నీ ఆలోచించుకున్నాం. వేరువేరు దారుల్లో వెళ్లాలి, ముఖాలకి గుడ్డ కట్టుకోవాలి, దీపాలు ఆరాకే లోపలికి పోవాలి. వెతకనక్కర్లేకుండా అతను వచ్చి కూర్చునే చోటు ఊరు మొత్తం మీద ఆ సినిమా హాలొక్కటేనని ఇద్దరికీ తట్టలేదు. ఏ రోజు, ఏ ఆట, ఎవరితో అని కాపురం చేసిన రెండేళ్లలో అతనికి చెప్పింది రేకే.

మధ్యాహ్నం ఆట. చీకట్లో తడుముకుంటూ దాని పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుంది. వంకర తిరిగిన వేలు నా అరచేతిలో గుచ్చుకుంది. "చిక్కిపోయావే" అంది. "పెద్దక్క వంట తిని నేను మాత్రం గేదెలా అయ్యా."

సినిమా కత్తితోనే మొదలైంది. పొట్టిది రేవులో ఒకణ్ని గొలుసుతో కొడుతోంది. హాలంతా ఈలలు. పొడుగుది ఏమైందో ఇంకా చూపించడం లేదు. రేకు కుర్చీ అంచున కూర్చుని, "కొట్టు! నడుం మీద కొట్టు!" అని అరుస్తోంది. ఆ గొంతు వెనక వరసలో అతనికి వినపడి ఉంటుంది.

వెనక నుంచి చెయ్యి వచ్చి రేకు జుట్టు పట్టింది. కుర్చీ వీపు మీదుగా దాన్ని వెనక్కి లాగేశాడు. దాని కాళ్లు గాల్లోకి లేచి ముందువాళ్ల తలలకి తగిలాయి.

"ఏయ్, ఎవరది? తన్నులేంటి?"

నేను లేచి అతని మీద పడ్డాను. మోచేత్తో నోటి మీద పొడిచాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. ఎవరి ఒళ్లోనో పడ్డాను.

"అమ్మా, లేమ్మా! కనపడట్లేదు!"

అతను రేకుని జుట్టు పట్టి నడవ వెంట ఈడ్చుకుపోతున్నాడు. రేకు అరుస్తోంది. తెర మీద గొలుసు దెబ్బలు అంతకంటే గట్టిగా మోగుతున్నాయి. "కూర్చోండ్రా బాబూ!" అన్నారొకరు. "మొగుడూ పెళ్లాల గొడవేమో, బయట చూసుకోండి" అన్నారింకొకరు. అందరి ముఖాలూ తెర వైపే ఉన్నాయి. ఎర్రగా, నీలంగా మారుతున్నాయి.

పక్క ద్వారానికి వెలుతురు రాకుండా మందపాటి పాత కర్టెన్ ఒకటి ఇనపకమ్మీకి వేలాడుతూ ఉంటుంది. దాని వెనక తలుపు, తలుపు దాటితే కిందికి సిమెంటు మెట్లు. అతను ఒక చేత్తో రేకు మెడ బిగించి, రెండో చేత్తో కర్టెన్ తప్పించి గడియ వెతుకుతున్నాడు. రేకు అరుపు ఆగిపోయింది. కళ్లు తేలుతున్నాయి. దాని చేతులు కర్టెన్ ఒక అంచుని గీరుతున్నాయి.

నేను పరుగెత్తి రెండో అంచు పట్టుకున్నాను. పిలవడానికి నోటి నిండా రక్తం. రెండుసార్లు గుంజాను.

ఏమీ లేదు.

మళ్లీ రెండుసార్లు.

అటునుంచి ఒకసారి గుంజు వచ్చింది.

ఇద్దరం ఒక్క ఊపున లాగాం. గోడలో మేకులు ఊడి, కమ్మీతో సహా కర్టెన్ అతని నెత్తి మీద పడింది. తల విడిపించుకోవడానికి రెండు చేతులూ కావాలి కదా, రేకు మెడ వదిలేశాడు. అది దగ్గుతూనే అంచు వదల్లేదు. విదిలించాం. ఎదురెదురుగా నడిచాం. నా మూలలు దానికి ఇచ్చాను, దాని మూలలు నేను తీసుకున్నాను, మళ్లీ నడిచాం. రోజుకి వందల దుప్పట్లకి చేసే పనే. అతను లోపల బూతులు తిడుతూ తలుపు మీద పడ్డాడు. గడియ ఊడింది. కర్టెన్‌తో పాటు మెట్ల మీద దొర్లుకుంటూ పోయాడు. చివరి మెట్టు దగ్గర మోకాలు ఎండుకట్టెలా చప్పుడు చేసింది.

అక్కడితో ఆగవచ్చు. కర్టెన్‌లోంచి జారిన కమ్మీ నా చేతిలో ఉంది. దిగి వెళ్లి ఆ మోకాలి మీదే కొట్టాను. అతను కేక పెట్టాడు. మళ్లీ కొట్టాను. రోలరు మీద ముడుచుకున్న నా చెంపకి ఒకటి, తలుపు సందులో వేలికి ఒకటి. ఆ తర్వాత దేనికో కూడా అనుకోలేదు. కర్టెన్ మీద తడి పాకింది. ఈసారి అతని తల మీదికి ఎత్తాను.

కమ్మీ రెండో కొస ఎవరో పట్టుకున్నారు. రెండుసార్లు గుంజారు.

నేను తిరిగి గుంజలేదు.

"చాలే" అంది రేకు. దానికి గొంతు రాలేదు, గాలే వచ్చింది. "వాడు చస్తే నువ్వు జైలుకి పోతావ్. అప్పుడు నాకు జోడీ ఎవరే?"

కమ్మీ వదిలేశాను.

ఇంటర్వెల్‌లో జనం వచ్చారు, తర్వాత పోలీసులు వచ్చారు. స్ట్రెచర్ మీద నుంచి అతను నన్ను చూపిస్తూ, "ఆ మూగది కొట్టింది! కమ్మీతో కొట్టింది!" అని ఏడ్చాడు.

"ఎవరు చూశారు?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

అప్పుడు, ఇందాక నన్ను ఒళ్లోంచి లేమన్న ఆవిడ పాప్‌కార్న్ నములుతూ ముందుకొచ్చింది. "కర్టెన్‌లో కాలు చిక్కుకుని పడ్డాడు సార్. నేను చూశా."

"చీకట్లో ఎలా చూశావమ్మా?"

"సినిమా వెలుగులో."

"మిగతావాళ్లు?"

"మేం సినిమా చూస్తున్నాం సార్" అన్నారందరూ ఒకే గొంతుతో.

జుట్టు పట్టి ఈడ్చుకుపోతుంటే తెర తప్ప ఏమీ కనపడని కళ్లే అవి. సంతోషించాలో ఉమ్మేయాలో తెలియక నోట్లో రక్తం మింగాను. రేకు మాత్రం మహిళా కానిస్టేబుల్‌కి ఊడిన జుట్టు కుచ్చు చూపించింది, వేలు చూపించింది, చేతుల మీద బెల్టు వాతలు చూపించింది. మెడ చుట్టూ కమిలిన మచ్చలు ఆవిడే చూసుకుంది. అతనికి కాపలాగా ఒక కానిస్టేబుల్ని ఆసుపత్రికి పంపి, ఎస్సై వచ్చేదాకా మమ్మల్ని అక్కడే ఉండమన్నారు.

మెట్ల మీద కూర్చున్నాం. హాల్లో టార్చి చూపించే బాబాయి వచ్చి, "ఇక్కడ కూర్చుంటే ఏంటి, లోపల కూర్చుంటే ఏంటి? మీ సీట్లు ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు.

మూడేళ్లు ఎదురుచూసిన సినిమా మళ్లీ మొదలైన కాసేపటికే రేకు నా భుజం మీద నిద్రపోయింది. అన్ని వారాల నిద్ర. నోరు తెరుచుకుని, గురక పెడుతూ. నేనొక్కదాన్నే చూశాను. పొడుగుది ఆసుపత్రిలో ఉంది. చివరి దాకా ఊపిరి కోసం కొట్టుకుని, పొట్టిది చెయ్యి పట్టుకుని ఉండగా పోయింది. నర్సు ముఖం మీదికి దుప్పటి లాగింది. ఆ దుప్పటి ఎవరో ఒంటరిగా మడతపెట్టిందని గీతలు చూడగానే తెలిసింది.

దీపాలు వెలిగాక రేకు కళ్లు తెరిచింది.

"బతికిందా?"

"బతికింది" అన్నాను.

"నే చెప్పలా! ఏడాది ఆవిరి నీదేనే మూగీ" అని చేతిలో చెయ్యేసింది.

మర్నాడు రేకు పనిలోకి వచ్చింది. నేను అప్పటికే ఆవిరి వైపు నిలబడ్డాను. కాలిన చెంప మంటపుడుతోంది. కమ్మీ పట్టిన అరచేతుల నిండా బొబ్బలు. దూరంగా ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్లు చేతులూపుతూ రేకుకి ఏదో చెబుతున్నారు. అది నడుం మీద చెయ్యి పెట్టుకుని విని, తిన్నగా నా దగ్గరికొచ్చి మోచేత్తో పక్కకి తోసింది.

"జరుగు."

"పందెం..."

"పొడుగుది పోయిందట కదా. అబద్ధం ఆడటం కూడా రాదే నీకు." చెవి దగ్గర అరిచింది, లేకపోతే వినపడదు. "ఏడాది తర్వాత నీ వంతు. శిక్ష పడినా వాడు బయటికొచ్చేది కూడా అప్పుడేనంట, ఎస్సై అన్నాడు. ఆ కమ్మీ ఎక్కడ పడేశావ్?"

"టార్చి బాబాయి తీసి దాచాడు."

"ఉండనీ."

దుప్పటి పొగలు కక్కుతూ వచ్చింది. వంకర వేలు వదిలేసి బొటనవేలికీ నడిమివేలికీ మధ్య మూల ఇరికించుకుంది. ఎదురుగా వెళ్లి నిలబడి, బొబ్బల మీద పడకుండా వేళ్ల కొసలతో నా మూలలు పట్టుకున్నాను.

రెండుసార్లు గుంజింది.