గ్లౌజు తీసే తీరు

థెల్మా పెట్టె నేనే సర్దాను. ఆ పిల్లకు బట్టలు మడతపెట్టడం రాదు, ఉండచుట్టి కుక్కుతుంది. కాలిఫోర్నియాకు రైల్లో రోజుల తరబడి ప్రయాణం. ఫిబ్రవరి చలి. అందుకని నా ఉన్ని శాలువా అడుగున పరిచాను, పక్కన సబ్బు, నాలుగు యాపిల్ పళ్లు పెట్టాను. ఎవరు బయల్దేరుతున్నా నాకు బెంగ, మళ్లీ చూస్తానో లేదోనని.

న్యూయార్క్‌లో నాటకాల ఆడవాళ్లకు గదులు అద్దెకిచ్చే ఇంట్లో మా ఇద్దరిదీ ఒకే గది. నాటకంలో హీరోయిన్ వేషం నాది. నాకు ఒంట్లో బాగోని రోజున వేయడానికి నా మాటలన్నీ బట్టీపట్టి పక్కన కూర్చోవడం థెల్మా పని. రెండేళ్లు కూర్చుంది. నాకు దగ్గయినా రాలేదు.

అలాంటి పిల్లలకు ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఆట వదిలిపెట్టడం మాలో మర్యాద. వాళ్లింటివాళ్లు ఊరినుంచి వచ్చినప్పుడు, గొంతు పోయిందని కబురు పంపి పడుకుంటాం. మేనేజరుకు సంగతి తెలుసు, తెలియనట్టు తిడతాడు.

జనవరిలో థెల్మా అడిగింది.

"కోరా అక్కా, బుధవారం మా అమ్మ టొలీడో నుంచి వస్తోంది. నన్ను వేదిక మీద ఎప్పుడూ చూడలేదు."

ఆ బుధవారం మధ్యాహ్నం ఆట తనకిచ్చాను. రెండో అంకంలో, మొగుడు పోయాడని విన్నాక ఏడవకుండా గ్లౌజు ఒక్కో వేలూ లాగి తీయడం నేను కల్పించుకున్నది. అది కూడా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. "తొందరపడకే. చిటికెనవేలు దగ్గర ఆగు. అక్కడ జనం ఊపిరి బిగబడతారు."

నెల తిరక్కుండానే ఒక సినిమా కంపెనీ మా నాటకాన్ని కొన్నది. థెల్మాను రమ్మంది.

"నాది పనిమనిషి వేషమే అక్కా. పెద్ద వేషానికి నీ పేరు చెప్పి నిన్ను పిలిపిస్తాగా," అంది.

ఆ మాట మీదే పెట్టె సర్దుతున్నాను. థెల్మా స్నానానికి వెళ్లింది. కింద ఫోను మోగింది.

"టొలీడో నుంచి," అని ఇంటావిడ గ్రబోవ్‌స్కీ కేకేసింది. "ఎవరో ఒకరు దిగండి, నా సూపు మాడుతోంది."

దిగాను.

"థెల్మా వాళ్లమ్మనమ్మా," అంది అవతలి గొంతు. "రైలెక్కేలోపు ఓ మాట మాట్లాడదామని. నువ్వు కోరావేనా?"

"నేనేనండీ. మొన్న మీరు వచ్చినప్పుడు కలవలేకపోయాను."

"నేనెక్కడికి వచ్చానమ్మా? ఈ మోకాళ్లతో వీధి చివరికి వెళ్లడమే గగనం." ఆ వెంటనే అడిగింది. "నువ్వు చూశావు కదా, మా పిల్ల బాగా వేస్తుందా? బుధవారం ఆటకు కంపెనీ ఆయన్ని తనే పిలిచిందట. ఆయన చూసి పెద్ద వేషం ఖాయం చేశాడట."

"బాగా వేస్తుందండీ," అన్నాను.

పైకి వెళ్లేసరికి థెల్మా తల తుడుచుకుంటోంది.

"మీ అమ్మ ఫోను చేసింది."

తువ్వాలు ఆగింది. "ఏమంది?"

"నువ్వు బాగా వేస్తావా అని అడిగింది."

అద్దంలోకి చూస్తూ మళ్లీ తుడుచుకుంది. "నువ్వు నలభై దాటావక్కా. నిన్నెలాగూ తీసుకోరు."

"కంపెనీ ఆయన వస్తున్నాడని చెప్పే అడగొచ్చుగా."

"చెబితే ఇచ్చేదానివా?"

శాలువా వెనక్కి తీసుకుందామనుకున్నాను. అడుగున ఉంది, అన్నీ మళ్లీ సర్దాలి. మూత వేసేశాను.

"గొళ్లెం వదులుగా ఉంది. దిగేటప్పుడు కింద చెయ్యి పెట్టుకో," అన్నాను.

అక్టోబరులో సినిమా వచ్చింది. అప్పటికి మేం అదే నాటకంతో ఊళ్లు తిరుగుతున్నాం. ఒక ఊళ్లో నేను చిటికెనవేలు దగ్గర ఆగగానే ముందు వరసలో ఎవరో నవ్వారు.

"అచ్చం సినిమాలో అమ్మాయిలా చేద్దామని చూస్తోంది, పాపం," అంది ఒకావిడ.

ఆ తీరు మార్చమన్నాడు మేనేజరు. మార్చాను. ఆ తర్వాత ఆ చోట నా చేతులు ఏం చేయాలో నాకు తెలియలేదు. జనం పలచబడ్డారు.

థెల్మా న్యూయార్క్‌కు చాలాసార్లు వచ్చింది, పెద్ద హోటళ్లలో దిగింది. తిరిగి రానిది నేను. 1931 నవంబరు పద్నాలుగున పిట్స్‌బర్గ్‌లో ఆ నాటకానికి చివరిసారి తెర దించారు. ఆ తర్వాత నేను వేదిక ఎక్కలేదు.