పడని సర్వర్

టైర్ల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. మెట్లెక్కగానే ఎదురుగా గోడ మీద "పడని సర్వర్" అని బారెడు అక్షరాల బోర్డు. ఫోటో స్టూడియోలూ, ప్రింటింగ్ ప్రెస్సులూ, స్కానింగ్ సెంటర్లూ తమ బరువైన ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపుకోవడానికి వాడే ఎఫ్‌టీపీ సర్వర్ అది. ఆ ప్రోగ్రాం రాసినవాడు ఆ ఆఫీసు యజమాని. లోకానికి ఆయన ఏమైనా కావచ్చు గానీ, అక్కడే ప్రోగ్రామరుగా పనిచేసే చిన్నకోడలికి మాత్రం బావగారు, భర్తకు స్వయానా అన్న. ఇంట్లో చిన్నకోడలు కాబట్టి ఆఫీసులోనూ ఆవిడ చిన్నకోడలే. టీ తెచ్చే మనిషి కూడా "ఇది చిన్నకోడలుగారి కప్పు" అనే అంటాడు.

ఆ సర్వర్ మీద ఉన్న ప్రేమ బావగారికి కన్నబిడ్డల మీద కూడా లేదని తోడికోడలు నలుగురిలోనూ అనేది. అందులో అబద్ధమేమీ లేదు. పిల్లలు ఏ తరగతి చదువుతున్నారంటే నీళ్లు నమిలే మనిషి, సర్వర్ గురించి కదిలిస్తే కంచంలో అన్నం ఎండిపోయేదాకా చెబుతాడు. "ఇన్నేళ్లలో పడిపోయిందని ఒక్కళ్లు ఫోన్ చేశారా?" అని సవాలు విసురుతాడు. నిజమే, ఎవరూ చేయలేదు. ఎందుకంటే దానికి ఆయా ఉంది.

ఆయా అంటే ఆయనే రాసిన ఇంకో చిన్న ప్రోగ్రాం. సర్వర్ కూలబడితే రెప్పపాటులో లేపి నిలబెట్టి, చెల్లాచెదురైన ఫైళ్లను సర్దేసి, ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకోవడం దాని పని. పిల్లవాడు కిందపడితే తల్లి చూడకముందే మోకాళ్లు తుడిచేసే ఆయా ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. "ఉండనీ అని పెట్టాను గానీ దానికి పనే లేదు పాపం" అని నవ్వేవాడు. పడిన సంగతి లాగ్‌లో, అంటే సర్వర్ రోజువారీ చిట్టాలో, రాసి పెట్టాలని మాత్రం ఆయనకు తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో.

ఆ నవ్వుకు ఇంట్లోనే ఒక మనిషి బలైపోయాడు. చిన్నకోడలి భర్త ఒకప్పుడు కస్టమర్ల దగ్గరకు వెళ్లి సర్వర్ పెట్టి వచ్చేవాడు. ఎక్కడికి వెళ్లినా అల్లుడొచ్చినంత మర్యాద చేసేవాళ్లు, అంత సరదా మనిషి. ఒక స్కానింగ్ సెంటర్లో అతను పెట్టిన సర్వర్‌కి రోగుల స్కాన్లు సగం సగమే చేరాయి. ఫైలు పేరు చూస్తే అంతా చేరినట్టే నిండుగా ఉంది, తెరిస్తే బొమ్మ సగమే ఉంది. చేరిపోయాయి కదా అని అసలువి మెషీన్లోంచి తుడిచేశారు. ఒక రోగిని మళ్లీ మొదటి నుంచీ స్కాన్ చేయాల్సి వచ్చింది. డాక్టరు అగ్గిమీద గుగ్గిలమై ఆఫీసుకు వచ్చాడు.

లాగ్ తెరిచి అందరి ముందూ చదవమని బావగారు చిన్నకోడలికే చెప్పాడు. ఆవిడ పైనుంచి కిందిదాకా చదివి, "సర్వర్ ఎక్కడా పడలేదండీ, అంతా సవ్యంగానే ఉంది" అంది. ఉన్నదే చదివింది. సర్వర్ పడకపోతే తప్పు సెట్టింగులది. సెట్టింగులు పెట్టింది తమ్ముడు. ఇంకేముంది, డాక్టరు ఎదురుగానే తమ్ముణ్ణి చెడామడా తిట్టి, చేతులు జోడింపజేసి క్షమాపణ చెప్పించాడు బావగారు. కొన్నాళ్లకే అతను పని మానేశాడు. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి నీళ్ల ఫిల్టర్లు బిగిస్తున్నాడు. ఇంట్లో అడిగినదానికి జవాబు తప్ప, తనంతట తానుగా ఒక మాట లేదు.

ఇదంతా ఇలా ఉండగా, సర్వర్‌కి కొత్త వెర్షన్ తేవాల్సిన అవసరం వచ్చింది. పాతదాంట్లో పాస్‌వర్డులు దారిపొడవునా బట్టబయలుగా వెళ్తున్నాయని కస్టమర్లు సణుగుతున్నారు. ఆ పని చిన్నకోడలి నెత్తిన పడింది. ఆవిడ పాస్‌వర్డులనూ ఫైళ్లనూ దారిలో ఎవరూ చదవలేకుండా చేసింది. తప్పుడు పాస్‌వర్డులతో పదేపదే తలుపు కొట్టేవాళ్లను బయటే ఆపేసింది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లాగ్‌లో కనబడకుండా కప్పేసింది. ఆఖరున, సర్వర్ కూలితే ఆ కబురు తమకు చేరేలా క్రాష్ రిపోర్టు కూడా పెడతానంది.

"పడనిదానికి కబురేమిటమ్మాయ్?" అని నవ్వాడు బావగారు. "సరే, అందరూ పెడుతున్నారుగా, పెట్టు. చూడ్డానికి బాగుంటుంది."

చూడ్డానికి బాగుండటం కోసం కాదు గానీ, ఆవిడ దాన్ని ప్రాణంపెట్టి చేసింది. రిపోర్టులో మనుషుల పేర్లూ, ఫైళ్ల పేర్లూ ఏవీ రాకూడదు, ప్రోగ్రాంలో ఎక్కడ కూలిందన్నది మాత్రమే రావాలి. అదైనా కస్టమరు సరేనంటేనే రావాలి. ఆ అడిగే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. గద్దించినట్టుండకూడదు, తప్పు నీదే అన్నట్టు అసలే ఉండకూడదు. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇలా పెట్టింది: "మీ సర్వర్ అనుకోకుండా ఆగిపోయింది. ఏం జరిగిందో మాకు చెబుతారా?"

కొత్త వెర్షన్‌ను ముందుగా తెలిసిన కస్టమర్లు కొందరికి ఇచ్చి చూశారు. మర్నాడు పొద్దున్నే ఒక ఫోటో స్టూడియో నుంచి మొదటి రిపోర్టు వచ్చింది. ఆ వెనకే ప్రెస్సు నుంచి ఒకటి. మధ్యాహ్నానికల్లా వరస కట్టాయి. తను కొత్తగా రాసిందే ఎక్కడో తన్నేసిందనుకుని చిన్నకోడలు గబగబా ఒక్కోటీ తెరిచింది. చూడబోతే రిపోర్టులన్నీ ఒకే చోటును చూపిస్తున్నాయి. అది ఆవిడ చెయ్యి పెట్టని చోటు, బావగారు మొదట్లో రాసిన భాగం.

ఫైలు సగం వచ్చాక లైను తెగుతుంది. పంపేవాళ్లు ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెడతారు. సర్వర్ ఇంకా పాత లైను వదలదు, కొత్త లైనునూ రానిస్తుంది. ఒకే ఫైలు మీద రెండు చేతులు పడి సర్వర్ కూలబడుతుంది. సరే, తర్వాత ఆయా ఏం చేస్తుందో చూద్దామని ఆవిడ మొట్టమొదటిసారి ఆయా లోపలికి తొంగిచూసింది. సర్వర్‌ను లేపుతుంది. సగంలో ఆగిన ఫైలుకు ఉండే "అసంపూర్ణం" అన్న గుర్తు చెరిపేసి, నిండు పేరు పెట్టేస్తుంది. ఇన్నాళ్లూ బావగారు సర్దడం అంటున్నది ఇది. నిండు పేరు, సగం బొమ్మ. 

బావగారిని పిలిచి చూపించింది. ఆయన తెర మీద వేలు పెట్టి, తన రాతను తానే కూడబలుక్కుంటూ చదువుకున్నాడు.

"ఎప్పటినుంచి ఉందిది?"

"మొదటి నుంచీ ఉంది బావగారూ. స్కానింగ్ సెంటర్లో జరిగింది కూడా ఇదే."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"మీ తమ్ముణ్ణి పిలిచి ఒక్కమాట చెప్పండి" అంది. "ఆ డాక్టరుగారికి కూడా."

"చెబుదామమ్మా, చెప్పక ఎక్కడికి పోతాం? ముందు దీన్ని సరిచేసెయ్."

సరిచేసింది. ఆయాకి కూడా బుద్ధి చెప్పింది. ఇక ఈ రోజో రేపో బావగారు తమ ఇంటికి వస్తారని ఎదురుచూసింది. ఆయన రాలేదు గానీ, కొత్త వెర్షన్ ప్రకటన వచ్చింది. స్వయంగా ఆయనే రాశాడు. అసలు తప్పు సంగతి "చిన్నచిన్న మెరుగుదలలు" అనే మాట కింద సమాధి అయిపోయింది. దాని కింద ఇంకా గొప్ప మాట ఉంది: "మీ గోప్యతే మాకు ప్రాణం. అందుకే మా సర్వర్ ఏ రిపోర్టునూ మీ కంప్యూటరు దాటనివ్వదు." ఆవిడ అంత మథనపడి రాసిన ప్రశ్నను తీసి అవతల పారేశాడు.

"పేర్లన్నీ కప్పేశాను కదా బావగారూ! ఇంకా ఎవరి గోప్యత ఇది?"

"అమ్మాయ్, మెట్ల దగ్గర బోర్డు చూశావుగా? దాన్ని నమ్ముకునే మనమందరం బతుకుతున్నాం. వాడికి చెప్పడమంటావా, వాడు నా తమ్ముడు. అర్థం చేసుకుంటాడు."

ఒళ్లు మండిపోయింది చిన్నకోడలికి. మసిపూసి మారేడుకాయ చేయడం లోకంలో చాలామందికి వచ్చు గానీ, సొంత తమ్ముడి ముఖానికి మసిపూసి, దానికి గోప్యత అని పేరు పెట్టడం ఈయనకే చెల్లింది. బ్యాగు భుజాన వేసుకుని బయటపడింది. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే నడిచింది.

ఇంటికి వచ్చేసరికి భర్త వంటింటి సింకు దగ్గర ఎవరిదో ఫిల్టర్ విప్పి కడుగుతున్నాడు. ఆవిడ నిలబడే అంతా చెప్పేసింది. కూలడం, ఆయా, నిండు పేరు, సగం బొమ్మ, ప్రకటన, బోర్డు. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అతను చేతులు కదపడం ఆపలేదు.

"తెగిన లైను మళ్లీ కలిసినప్పుడేనా?" అన్నాడు.

"అవును. మీకెలా తెలుసు?"

"అక్కడ లైను తరచూ తెగుతుండేది. అదే అయ్యుంటుందని అప్పుడే అనుకున్నాను."

"మరి చెప్పరేం? అలా తలవంచుకుని నిలబడ్డారేం? మీ అన్నయ్య అంతలేసి మాటలంటుంటే!"

"అన్నయ్య సంగతి కొత్తేముంది? చిన్నప్పటి నుంచీ తను పగలగొట్టినవన్నీ నా ఖాతాలోనే పడేవి. నేను పని మానేసింది అన్నయ్య తిట్టినందుకు కాదు."

చిన్నకోడలు కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది.

"ఆ సాయంత్రం ఇక్కడే, ఈ వంటింట్లోనే, నేను సరిగ్గానే పెట్టానని నీతో చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. కూర కలుపుతూ, వెనక్కి తిరగకుండానే అంది. లాగ్ అబద్ధం చెప్పదండీ, అని.

దారిపొడవునా బావగారి కోసం కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఎక్కడెక్కడి ముక్కూ మొహం తెలియని వాళ్లనో నొప్పించకుండా ఎలా అడగాలా అని తను ఒక్కో మాటా ఏరి ఏరి పెట్టింది. ఈ మనిషిని ఒక్కసారీ అడగలేదు.

కాస్త దగ్గరకు జరిగి, "ఆ రోజు అక్కడ ఏం జరిగిందో చెప్పండి. ఇప్పుడైనా నాకు చెప్పండి" అంది.

"ఇప్పుడెందుకులే, నీ దగ్గర రిపోర్టు ఉందిగా" అని, అతను కుళాయి తిప్పాడు.