మొర్రాకులు పడలేదు

లోహిత్ భుజం జారింది. అంతెత్తు దిమ్మె మీంచి పల్చటి పరుపు మీద పడి పెట్టిన కేకకి హాలంతా అదిరింది. డైరెక్టర్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

"ఈ కేక అద్భుతం. దీన్నే ఉంచుదాం!"

కెనడాలో, బర్నబీలోని ఆ స్టూడియో ఒక వీడియో గేమ్ తయారుచేస్తోంది. అదో మంత్రాల లోకం. వీరుల వంశచరిత్రకి నలభై పేజీలు రాశారు. వాళ్ల కత్తికి బలయ్యే మొర్రాకులనే రాక్షసజాతికి మాత్రం ఒక్కటే వాక్యం: గుంపుగా వస్తారు, చస్తారు. నల్లటి బిగుతు సూట్లేసుకుని ఆ చావులు చచ్చేది కాంట్రాక్టు మీద తెచ్చిన పన్నెండు మంది. కెమెరాలకి వాళ్ల కదలికలు చాలు, మొహాలతో పనిలేదు.

మృదుల ఆ పూట అప్పటికే డెబ్బై సార్లు చచ్చింది. ఖమ్మం నుంచి వచ్చి చదువు ముగించిన ఆ పిల్లకి ఈ ఉద్యోగం దొరకడానికే ఏడు నెలలు పట్టింది. మోకాళ్లు పుండ్లయ్యాయి. కూర్చుంటే చాలనిపిస్తోంది.

లోహిత్‌ని ఆసుపత్రికి పంపాక, లంచ్ రూంలో, వాళ్లని పనికి పంపిన ఏజెన్సీ సూపర్‌వైజర్ భరద్వాజ్‌ని అందరూ చుట్టుముట్టారు.

"నెల్నుంచి మందం పరుపులు అడుగుతున్నాం కదయ్యా," అంది సుగుణ. అందరిలోకి పెద్దావిడ.

"రిక్వెస్ట్ పెట్టా ఆంటీ. మన తెలుగోణ్ణి కాబట్టి చెప్తున్నా, గొడవొద్దు."

"పోనీ వాడి కేకన్నా తీసెయ్యమను."

"అది మొర్రాక్ కేకే కదాంటీ!"

"వాడు అమ్మా అన్నాడ్రా!"

భరద్వాజ్ తల దించుకుని వెళ్లిపోయాడు.

"నాకింక ఓపిక లేదాంటీ. నేను పడను," అంది మృదుల. వీరత్వమేమీ కాదు, నిజంగానే ఓపిక లేదు.

"తీసేస్తారు," అన్నారెవరో.

"ఒక్కతే నిలబడితే ఒక్కదాన్ని తీసేస్తారు. అందరం నిలబడితే వాళ్ల వీరుడు ఎవర్ని చంపుతాడు?" అంది సుగుణ.

మధ్యాహ్నం వీరుడు కత్తి విసిరాడు. మొర్రాకులు పదకొండు మందీ నిలబడే ఉన్నారు. "పడండి!" అని డైరెక్టర్ మూడుసార్లు అరిచాడు. ఒక్కరూ పడలేదు. సెక్యూరిటీ వచ్చి సూట్లు విప్పించుకుని బయటికి పంపింది.

మర్నాడు పొద్దున్నే పదకొండు మందీ గేటు దగ్గర వానలో నిలబడ్డారు. వాళ్ల బదులు తెచ్చిన కొత్తవాళ్లు వ్యాన్లోంచి దిగారు. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో. మృదులకి ఉపన్యాసాలు రావు.

"పరుపులు పల్చన. నిన్న మావాడి భుజం జారింది. ఆ కేకని గేమ్‌లో పెట్టుకున్నారు," అంది ఇంగ్లీషులో.

వాళ్లు చూపు తిప్పుకుని లోపలికెళ్లారు. మృదులకి ఏడుపొచ్చింది. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. పోలేదు.

పదిన్నరకి తలుపు తెరుచుకుంది. కొత్తవాళ్లలో ఓ అమ్మాయి నల్ల సూట్‌తోనే వచ్చి వాళ్ల పక్కన గోడకానుకుంది. వెనకే ఇద్దరు. తర్వాత మిగతావాళ్లు. అంతా సర్దుకుని చోటిచ్చారు.

గుమ్మంలో భరద్వాజ్ ఇంకో బ్యాచ్ పంపమని ఫోన్లో బతిమాలుతున్నాడు.

"రమ్మను," అంది మృదుల.