ఆపినాక చెప్పిన మాట

నేను ఒక రికార్డరును, అరచేతిలో ఇమిడిపోయేంత దాన్ని. చైనాలో పుట్టాను. ఏ పరీక్షా రాయకుండా, ఎవరికీ వీసా చూపించకుండా ఓడెక్కి వచ్చి కర్నూలు చేరాను. అందుకే పైదేశం వెళ్లడానికి మనుషులు పడే తిప్పలు మొదట్లో నాకు వింతగా ఉండేవి.

నన్ను కొన్నది శ్యామల మేడమ్. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తోంది. విదేశంలో సీటొచ్చిన పిల్లలు వెళితే ఏం లాభం, వెళ్లకపోతే ఏది అడ్డం అన్నది ఆమె విషయం. నా ముందు పిల్లలు అప్పజెప్పినట్టు మాట్లాడేవారు. లాభమంటే వ్యక్తిత్వ వికాసం, అడ్డమంటే ఇంగ్లీషు, లేదంటే వీసా. నన్ను ఆపాకే అసలు సంగతి మొదలయ్యేదట. దాన్ని రాయకూడదన్నది మేడమ్ పెట్టుకున్న నియమం.

హుసేనమ్మ వచ్చిన రోజు నన్ను ఆపే బటన్ సరిగా పడలేదు. ఆ అమ్మాయికి జర్మనీలో నేలల గురించి చదవడానికి సీటూ, స్కాలర్‌షిప్పూ వచ్చాయి. వస్తుందో రాదో శుక్రవారంలోగా చెప్పాలి. మేడమ్ అడిగితే వీసా కష్టమంది. తర్వాత మెల్లగా, "ఆపినారా మేడమ్?" అని అడిగింది.

"ఆపినాలే, చెప్పు."

"ఇంట్లో అందరూ పో అంటాండారు. నాకే భయం. ఆడ చదవలేక తిరిగొస్తే, మా చెల్లెల్ని నంద్యాలకు గూడా పంపరు."

మేడమ్ పెన్ను మూసి పక్కన పెట్టింది. "నాకూ ఒకప్పుడు సీటొచ్చింది హుసేనమ్మా. భయపడి పోలేదు. అందరికీ వీసా రాలేదని చెప్పినా."

మర్నాడు నన్ను వింటూ రాసుకుంటుంటే తన గొంతే వినిపించి మేడమ్ బిక్కచచ్చిపోయింది. చెరిపేయడం ఎంతసేపు, వేలు బటన్ మీదే ఉంది. నాకూ భయమేసింది, ఒప్పుకుంటాను. ఎన్నాళ్లకో నా దాకా వచ్చిన నిజమైన మాటలవి. చివరకు ఆమె హుసేనమ్మకు ఫోన్ చేసి పొరపాటు ఒప్పుకుంది.

"రాసుకోండి మేడమ్," అంది హుసేనమ్మ. "మీది గూడా రాస్తేనే."

ఇప్పుడు నేను మేడమ్ డ్రాయరులో పాత చార్జర్ల మధ్య ఉంటున్నాను. నాకంటే ఫోన్లే బాగా వింటాయట. పోయిన వారం ఆమె పరిశోధనకు గైడైన ముసలి ప్రొఫెసరు ఇంటికొచ్చి, సిద్ధాంత గ్రంథం తిరగేస్తూ అడ్డంకుల పట్టిక దగ్గర ఆగాడు.

"ఓడి తిరిగొస్తామన్న భయం, ఇద్దరు. ఎవరమ్మా ఈ ఇద్దరు?"

"ఒకామె పోయిన నెల జర్మనీకి పోయింది సార్."

"రెండో ఆమె?"

"మీ ముందే కూర్చునింది సార్," అంది మేడమ్.