కానీండి అనే మనిషి

విజయనగరం గంటస్తంభం దాటాక వచ్చే సందులో బుల్లమ్మ కొట్టు తెలియనివాళ్ళు ఉన్నారంటే, వాళ్ళు ఊరికి కొత్తవాళ్ళన్నా అయివుండాలి, డాక్టరు నూనె మాన్పించినవాళ్ళన్నా అయివుండాలి. అక్కడ కూర్చోడానికి చోటుండదు. ఒక ఆకుదొన్నెలో నాలుగు పునుగులు, ఇంకో దొన్నెలో రెండు గారెలు, సగం పెసరట్టు. నలుగురొస్తే నాలుగు రకాలు తీసుకుని, ఒకరి దొన్నెలో ఒకరు చెయ్యి పెట్టేసి, నోరు కాలుతున్నా కబుర్లాపకుండా తింటారు. ఇరవయ్యేళ్ళుగా అదే వరస.

ఆ కొట్టు వెనకాల పెద్ద హాలొకటి ఖాళీగా ఉంది. దానిమీదే బుల్లమ్మ మేనకోడలు సింధూరి కన్నుపడింది. హైదరాబాదులో పెద్ద హోటలు వంటింట్లో ఎనిమిదేళ్ళు చేసిన పిల్ల. పరాయివాళ్ళ కింద పనిచేసి విసుగెత్తి, రెండువేల పదహారు వేసవిలో సొంత ఊరొచ్చేసింది. మన పనసపొట్టు, మన చోళ్ళు, అదే రాగులు, మన నువ్వులు వాడి ఐదు వంటకాలు చేస్తుందట. ఒక్కొక్కటే, ఒకటి తిన్నాక ఇంకొకటి, శుభ్రంగా బల్లమీద పెడుతుందట.

హాలూ కొట్టూ రెండూ బుల్లమ్మ అన్నగారు నరసింగరావువి. బట్టల కొట్టాయన, సింధూరికి పెదనాన్న. హాలు అద్దెకిమ్మని సెల్‌ఫోన్ల షాపువాడు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఆయన ఇటూ తేల్చలేదు, అటూ తేల్చలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వచ్చి తింటామనీ, నచ్చితే హాలు సింధూరిదనీ, లేకపోతే ఫోన్లవాడిదనీ చెప్పి ఊరుకున్నాడు.

ఇక ఆ వారమంతా సింధూరికి నిద్రలేదు, పక్కవాళ్ళకి శాంతి లేదు. బుల్లమ్మ ఓసారి వెనక హాల్లోకొచ్చి, తెల్లటి పెద్ద పళ్ళేలు చూసి, ఇందులో తిండికన్నా ఖాళీయే ఎక్కువ కనపడుతోందని నవ్వింది. సింధూరికి ఒళ్ళు మండింది.

"నీది ఆకలి తీర్చడం అత్తా. నాది వంట."

బుల్లమ్మ నవ్వు ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళు పొయ్యి దగ్గర మాడిన మనిషి, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెళ్ళిపోయి రెండ్రోజులు మేనకోడలితో పలకలేదు. సింధూరికి తప్పు చేశానని తెలుసు. కానీ ఆదివారం అయ్యాక చూసుకుందాంలే అనుకుంది.

ఆదివారం ఒంటిగంటకి తొమ్మిదిమంది దిగారు. నరసింగరావు, ఆయన భార్య, కొడుకూ కోడలూ, పిల్లలూ, ఇద్దరు బంధువులు. వడ్డించడానికి కుదుర్చుకున్న అమ్మడు మొదటి పళ్ళేలు తీసుకెళ్ళి పెట్టింది. అరచేతిలో సగముండే చోడిపిండి అట్టు, పక్కన నువ్వుల పచ్చడి, మీద వెన్న. వేడివేడిగా ఉంది. సింధూరి లోపలే నిలబడింది. వంట చేసేవాళ్ళు బయటికి రాకూడదనీ, మొదటి పళ్ళెం ఖాళీ అయి వస్తేగాని రెండోది వెళ్ళకూడదనీ హోటల్లో నేర్పిన పద్ధతి.

ఐదు నిమిషాలైంది. పళ్ళేలు రాలేదు. పది నిమిషాలైంది. రెండోది పనసపొట్టు కూర, అప్పుడే ఆవ పెట్టి సిద్ధంగా ఉంచింది. వేడిమీద ఎక్కువసేపు ఉంటే ఆవ చేదెక్కుతుంది. అమ్మడిని పిలిచి తింటున్నారా అని అడిగింది.

"నేదమ్మా. సూస్తన్నారు."

తలుపు సందులోంచి తొంగిచూసింది. తొమ్మిది పళ్ళేలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వెన్న కరిగి అట్టు పక్కకి జారింది. చిన్నపిల్ల చెయ్యి చాపితే తల్లి మెల్లిగా వెనక్కి లాగింది. పెదనాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. ముందు కొట్టులోంచి మాత్రం నవ్వులే నవ్వులు. హాలు ఇవ్వకూడదని ముందే అనుకుని వచ్చారన్నమాట! ముట్టుకోను కూడా ముట్టుకోలేదంటే ఇంక చెప్పేదేముంది?

పొయ్యి ఆపేసి, నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పేసి, ముందు కొట్టుకెళ్ళింది. హాలు ఫోన్లవాడికి ఇచ్చెయ్యమని పెదనాన్నతో నువ్వే చెప్పు, నాకు మొహం చెల్లదని అత్తతో అనేసి ఏడ్చింది. బుల్లమ్మ చేతిలో జల్లిగరిటె అలాగే ఉంది. రెండ్రోజుల కోపం ఎటుపోయిందో గాని, జరిగింది అంతా అడిగి తెలుసుకుంది.

"ఓసే, ఆల్లు తినకూడదని కూకోనేదే. నీ వడ్డన అవ్వనేదనుకుంటన్నారు. అన్నీ పడాల, ఇంటి మనిసొచ్చి కానీండి అనాల. అప్పుడు గాని మా అన్నయ్య సెయ్యి కదపడు. ఆడు కదపందే మిగతావోలెవులు ముడతారు?"

"మరి నీ దగ్గర అందరూ..."

"నా దగ్గర నిలబడి తింటారు. నిలబడ్డోలికి మరియాదేటి? నువ్వు కుర్సీ ఏసి కూకోబెట్టావు."

సింధూరి కూడా చిన్నప్పుడు ప్రతి పంక్తిలోనూ ఆకు ముందు చేతులు కట్టుకుని ఆ మాటకోసం ఎదురుచూసిన పిల్లే. ఎనిమిదేళ్ళు లోపలి గదిలో నిలబడేసరికి బయట ఏం జరుగుతుందో మర్చిపోయింది. అత్తా, మొన్న నేనన్న మాట తప్పు అంది. బుల్లమ్మ అదేమీ పట్టించుకోకుండా అప్పుడే దింపిన పునుగులు తొమ్మిది దొన్నెల్లో వేసి, కూర మళ్ళీ చేసుకునేవరకూ ఇవి పెట్టమంది.

హాల్లోకి వెళ్ళి సింధూరి చేతులు జోడించింది. ఐదు రకాలున్నాయనీ, ఒకటయ్యాకే ఇంకోటి వస్తుందనీ, అది ముందే చెప్పకపోవడం తనదే తప్పనీ చెప్పి, చల్లారిన పళ్ళేలు తియ్యబోయింది. నరసింగరావు చెయ్యి అడ్డం పెట్టాడు. వండినది వెనక్కి పంపే అలవాటు ఆయనకి లేదు.

"కానీండి పెదనాన్నా" అంది సింధూరి.

చల్లారిన అట్టే తిన్నారు. తర్వాత పునుగులు వచ్చేసరికి పంక్తి కాస్తా సంత అయిపోయింది. ఒకరి దొన్నెలో ఒకరు చెయ్యి పెట్టేశారు. ఆ సందడిలో సింధూరి పనసపొట్టు మళ్ళీ తాలింపు వేసి ఆవ కలిపి తెచ్చింది. ఈసారి లోపలికి వెళ్ళలేదు, పక్కనే నిలబడింది. పునుగులప్పుడు ఆగని కబుర్లు కూర దగ్గర ఆగిపోయాయి. నరసింగరావు పళ్ళెం వేలితో తుడుచుకుని నాకాడు, ఆయన భార్య చూసి సిగ్గుపడింది.

ఐదు రకాలూ అయ్యేసరికి మూడున్నరైంది. హాలు సంగతి ఆయన ఎత్తలేదు. సింధూరి అడగలేదు. చేతులు కడుక్కొచ్చి ఆయన తను లేచిన కుర్చీలో సింధూరిని కూర్చోమన్నాడు. అమ్మడు ఒక పళ్ళెం తెచ్చి పెట్టింది. మిగిలిన పిండితో అప్పుడే పోసిన అదే చోడిపిండి అట్టు, ఈసారి వేడిగా.

పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషి, కడుపు నకనకలాడుతోంది. అయినా సింధూరి చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. వెన్న కరుగుతూ ఉంది. తను దేనికోసం చూస్తోందో కాసేపటికిగాని ఆమెకే అర్థం కాలేదు.

"కానీయమ్మా" అన్నాడు నరసింగరావు. "హాలు నీదే."