సీటు బెల్టు చివరిదాకా

అనఘ కొన్నది రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. పదిహేనేళ్ళ పాతది, నేలకు ఆనుకున్నట్టుంటుంది. బెంగళూరులో దాన్ని చూసి "బాగుండాది, తీసుకోమ్మా" అన్నది ఆమె తండ్రి శ్రీకృష్ణ. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నిరుడు ఆయన మాట మీద కొన్న ఇంటి స్థలం తగాదాలో పడింది. అప్పటినుంచి ఏ కూర వండాలని అడిగినా "నాకేం తెలుస్తాది, మీరే చూసుకోండి" అనేవాడు. ఇన్నాళ్ళకు ఆయన నోట ఒక గట్టి మాట వచ్చిందని అనఘ వెంటనే సరేనంది.

బండి తెచ్చుకున్న మర్నాడు, ఆదివారం పొద్దున ఊరిగాంలో ఇంటి ముందు తండ్రీ కూతుళ్ళు కారు కడగడానికి దిగారు. గాలికి పాత బంగారు గనుల సైనైడు దిబ్బల దుమ్ము రాత్రికి రాత్రే దానిమీద పొరగా పేరుకుంది. శ్రీకృష్ణ పాత పంచె ముక్కతో బానెట్టు తుడుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

తలుపులు బార్లా తీసినా లోపల ముక్కిన వాసన పోలేదు. అనఘ ఎడమ సీటు ముందున్న మ్యాటు ఎత్తి, కింద కార్పెట్టును అదిమి చూసింది. వేళ్ళ సందుల్లోంచి బురదనీళ్ళు ఊరాయి.

"నాన్నా, ఇది వరదలో మునిగిన బండేమో!"

అనేశాక నాలుక కరుచుకుంది. వానలకు బెంగళూరు సెల్లార్లలో మునిగిన కార్లను ఆరబెట్టి అమ్మేస్తారని ఇద్దరికీ తెలుసు. శ్రీకృష్ణ చేతిలో గుడ్డ ఆగిపోయింది. వెళ్ళి మెట్టుమీద కూలబడ్డాడు.

"మళ్ళీ నేనే చెప్పినాను గదమ్మా."

కాఫీ తెచ్చిన తల్లి కుముద ఇద్దరి మొహాలూ చూసింది. సంగతి తెలుసుకుని, "అమ్మినోడు వాపసు తీసుకుంటాడేమో అడిగితే పోలా?" అంది. శ్రీకృష్ణ కాఫీ గ్లాసు అందుకుని నేలకేసి చూశాడు. అనఘకు కారు పోతుందన్న బాధకన్నా, ఆయన మళ్ళీ మౌనంలోకి జారిపోతాడేమోనన్న భయం ఎక్కువైంది.

కాఫీ సగం తాగి శ్రీకృష్ణ లేచాడు.

"నీళ్ళు నిలిస్తే మట్టి గీత పడాల. సీట్లు కడుగుతారు, కార్పెట్టు కడుగుతారు. లోపల చుట్టుకొని ఉండేదాన్ని ఎవరు కడుగుతారు?"

సీటు బెల్టు పట్టుకుని మెల్లగా లాగాడు. అది వస్తూనే ఉంది. చివరిదాకా వచ్చి ఆగింది. ఎప్పుడూ వెలుగు చూడని ఆ ముక్క కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది. మట్టి లేదు, గీత లేదు. రెండో బెల్టూ అంతే. సీటు కింద ఇనుప పట్టాలు తడిమితే తుప్పు కూడా తగల్లేదు.

"మునగలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మరి ఈ నీళ్ళు యాడివి?"

"నిన్న దారి పొడుగునా ఏసీ వేసుకొని వచ్చినాము గదా. దిగినాక బండి కింద నీళ్ళు కారినాయా?" అని ఆయనే మళ్ళీ అడిగాడు.

"చుక్క కూడా లేదే!" అంది అనఘ.

అనఘ గోనెపట్టా పరుచుకుని పడుకుని, భుజందాకా కారు కిందికి దూరింది. తండ్రి ఫోను లైటు పట్టాడు. ఏసీ నీళ్ళు బయటికి పోయే సన్నటి రబ్బరు పైపు మూతి మట్టితో బిగుసుకుపోయి ఉంది. పోయే దారిలేక నీళ్ళు లోపలికే మళ్ళాయన్నమాట. కుముద చీపురుపుల్ల అందించింది. రెండు పోట్లకు మట్టిముద్ద ఊడింది. వెనకే మురిగిన నీళ్ళు భళ్ళున అనఘ చేతిమీదా, మెడమీదా పడ్డాయి.

"అయ్యయ్యో, వచ్చేసింది నాన్నా!"

శ్రీకృష్ణ నవ్వాడు. ఆగలేక కారు మీద చెయ్యి ఆనించుకుని మరీ నవ్వాడు. పక్కింటి తాయమ్మ గోడమీదుగా తొంగిచూసి ఏమైందని అడిగితే, "ఏమీ కాలేదమ్మా, ఏమీ కాలేదు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

కార్పెట్టు ఊడదీసి సబ్బుతో రుద్ది, గోడమీద ఎండేశారు. మధ్యాహ్నానికి వాసన పోయింది.

"ఇద్దరికే సీట్లుంటే నేను యాడ కూచోవాల?" అంది కుముద.

"ముందు నువ్వే పోయిరా పో. నేను ఇంగ కాసేపు కూచుంటా," అన్నాడు శ్రీకృష్ణ.

"బావిలోకి దిగినట్టుండాదే!" అంటూ కుముద తలుపు పట్టుకుని కూర్చుంది. తల్లీకూతుళ్ళు రాబర్ట్‌సన్‌పేట బజారు దాకా వెళ్ళి వచ్చారు. దారిలో ఆమె కొంగు గట్టిగా చుట్టుకుని, తెలిసినవాళ్ళు కనబడితే చెయ్యి ఊపింది.

తిరిగి వచ్చేసరికి శ్రీకృష్ణ వరండాలో, కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నాడు.

"పగటిపూట ఆయన కునుకు తీసి ఎన్నాళ్ళయిందో," అంది కుముద. "లేపొద్దు."

అనఘ హారన్ మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకుంది.