పేజీలో కూరిన దూది

కుర్చీల మేస్త్రి చేతికి ఖాళీ తగిలితే ఊరుకోదు. సోఫా మూలలో వేలు లోపలికి దిగిందంటే అక్కడ ఇంకో పిడికెడు దూది పడాల్సిందే. ఆయన కుట్టిన కుర్చీలో కూర్చుంటే ఎవరో ఎత్తుకున్నట్టుంటుందని కూర్చున్నవాళ్లు అనేవారు. మాట నిజమే గానీ, కూర్చునేవాళ్లే తగ్గిపోయారు. చిరిగిన కుర్చీని బాగు చేయించడం కన్నా పారేయడం సులువైన రోజులు. వచ్చే నెల నుంచి పరుపుల ఫ్యాక్టరీలో చేరతానని మేస్త్రి మాట కూడా ఇచ్చేశాడు. దుకాణానికి తాళం పడకుండా ఆపగలిగేది ఒక్కటే మిగిలింది: లైబ్రరీ హాలు కుర్చీల పని. అది ఎవరికివ్వాలో గురువారం కమిటీ తేలుస్తుంది. వచ్చినవాళ్లు తమ వెబ్‌సైటు తెర మీద చూపించి, నాలుగు మాటలు చెప్పాలి.

ఆదివారం మరదలు వచ్చింది. ఆమె ఉద్యోగమే వెబ్‌సైట్లు తయారుచేయడం. బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు నెట్టి లాప్‌టాప్ పెట్టుకుంది. సాయంత్రానికి పేజీ తయారైంది. పైన దుకాణం పేరు, పక్కనే ఫోన్ నంబరు. కింద రెండు ఫొటోలు: పేగులు బయటపడ్డ కుర్చీ ఒకటి, అదే కుర్చీ బాగుపడ్డాక ఒకటి. ఆ కింద మూడు వాక్యాలు. చుట్టూ తెల్లగా ఖాళీ.

మేస్త్రి కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

“మిగతాది ఎప్పుడు చేస్తావు?”

“ఇంతే బావా. అయిపోయింది.”

“ఇంత ఖాళీ ఉందేమిటే! కట్టాక ఎవరూ దిగని ఇల్లులా ఉంది.”

“ఆ ఖాళీ ఉంది కాబట్టే కన్ను తిన్నగా నీ కుర్చీ మీదికి పోతుంది. నాలుగు రంగులూ, ఐదు రకాల అక్షరాలూ పెడితే చూసేవాడికి తల తిరుగుతుంది. కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో కనపడదు.”

“నంబరు అడుగున పెట్టాల్సింది. ఇంకా పలకరింపులైనా కాకుండా నంబరేమిటి?”

“నీ పేజీకి ఎవరైనా వచ్చేదే ఆ నంబరు కోసం. వెతికించావో, పక్క దుకాణానికి పోతారు.”

లోపలి నుంచి భార్య అందుకుంది. “ఎవరికి చెప్తున్నావే? కాఫీ గ్లాసులో వేలెడు ఖాళీ ఉన్నా పోట్లాడే మనిషికా?”

మరదలు నవ్వి, బావను నిలబెట్టింది. “నేనే కమిటీని. చెప్పు.”

మేస్త్రి తెర వైపు తిరిగి, ఉన్న మూడు వాక్యాలూ బడిలో పిల్లాడిలా అప్పజెప్పాడు.

“నీ వీపు చక్కగానే ఉంది బావా. మా అక్క మోసపోయింది దాన్ని చూసే కాబోలు. కమిటీకి మాత్రం మొహం చూపించు. తెర మీద ఉన్నది వాళ్లే చదువుకుంటారు, వాళ్లకూ చదువొచ్చు. నువ్వు పని గురించి చెప్పు.”

ఇంకో నాలుగుసార్లు నిలబెట్టి, నాలుగుసార్లు వెక్కిరించి, వెళ్లేముందు పాస్‌వర్డ్ చెప్పింది. “ఇది దుకాణం తాళంచెవి లాంటిది, ఎవరి చెవినా వేయకు. ఊరికే లోపల చెయ్యి పెట్టకు. పెట్టక తప్పకపోతే ముందు ఉన్నదానికి నకలు తీసి దాచుకో.”

బుధవారం దాకా ఆయన చెయ్యి ఆగింది.

ఆ మధ్యాహ్నం భార్య బజారుకు వెళ్లింది. మేస్త్రి పేజీ తెరిచాడు. కుడిపక్క ఖాళీ ఆయన్నే చూస్తోంది. ఒక్క సోఫా ఫొటో పెట్టాడు. పెట్టగానే ఎడమపక్క బోసిపోయింది. అటొకటి పెట్టాడు. ఫోన్‌లో తీసినవి తీసినట్టే, ఒక్కోటి మంచమంత బరువున్నవి. రెండు వైపులా నిండాక అంచులు వెలవెలబోయాయి. సోఫాల కింద వేలాడే కుచ్చుల్లాంటి బొమ్మ ఒకటి దొరికితే నాలుగు వైపులా కుట్టేశాడు. వాక్యాల మధ్య సందుల్లో కదిలే గులాబీలు కూరాడు. ఫోన్ నంబరుకు చోటు చాలక అది జారి జారి అడుగుకు చేరింది. నకలు మాట ఆయనకు గుర్తే రాలేదు.

అంతా అయ్యాక, అలవాటు కొద్దీ తెర మీద అక్కడక్కడా వేలుపెట్టి నొక్కి చూశాడు. ఎక్కడా లోపలికి దిగలేదు. తృప్తిగా మూసేశాడు.

గురువారం లైబ్రరీ పైఅంతస్తులో పొడుగు బల్ల చుట్టూ కమిటీ కూర్చుంది. బల్ల చివర లైబ్రరీని నడిపే పెద్దావిడ. ఒక మూల కంప్యూటర్ దగ్గర ఒకమ్మాయి. అంతకుముందే షోరూమ్ తరఫున ఒకతను వచ్చి, వెన్నపూసలా నున్నగా మాట్లాడి వెళ్లాడు. మేస్త్రి వంతు వచ్చింది. గోడకున్న తెర మీద పేజీ తెరుచుకోవడం మొదలైంది. ముందు కుచ్చులు దిగాయి. చాలాసేపటికి ఒక గులాబీ సగం దాకా వచ్చి ఆగింది.

“మేస్త్రిగారూ, మేం పిలిచింది కుర్చీల పనికి,” అంది పెద్దావిడ. “తోటపనికి కాదు.”

“కుర్చీ కింద ఉందమ్మా. వస్తుంది.”

“ఎంత కింద?”

గులాబీ రెండో సగం వచ్చింది. వచ్చి, కదలడం మొదలుపెట్టింది.

“మీ ఫోన్ నంబరు ఎక్కడుందండీ?” అన్నాడు కమిటీలో ఒక కళ్లజోడాయన.

“అది ఇంకా కిందండీ.”

“మేం రిటైరయ్యేలోపు వస్తుందా?”

అందరూ నవ్వారు. మేస్త్రి కళ్ల ముందు పరుపుల ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది. గులాబీ కన్నా అదే తొందరగా తెరుచుకుంది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు.

“అమ్మా, కాస్త ఓపిక పడితే విప్పేస్తాను.”

“ఏం విప్పుతారు?”

“నేను కూరిందంతా.”

పెద్దావిడ తల ఊపింది. కంప్యూటర్ దగ్గరి అమ్మాయి లేచి చోటిచ్చింది. మేస్త్రి పాస్‌వర్డ్‌లో ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ పైకే అనుకుంటూ కొట్టాడు. మళ్లీ లేదు.

“ఆ క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోంది చూడండి,” అందా అమ్మాయి. “అది వెలిగితే అన్నీ పెద్దక్షరాలే పడతాయి.”

దీపం ఆర్పి, మూడోసారి కూడా పైకే చదువుకుంటూ కొట్టాడు. తెరుచుకుంది.

“మీ దుకాణం తాళంచెవి ఇప్పుడు మా అందరి దగ్గరా ఉంది,” అంది పెద్దావిడ. “ఇంటికెళ్లగానే మార్చుకోండి.”

పాత సోఫా విప్పేటప్పుడు మేస్త్రి దానితో మాట్లాడతాడు. ఇప్పుడూ అదే చేశాడు. “రావమ్మా, నీకిక్కడేం పని?” అని మొదటి గులాబీని పీకాడు. “నువ్వూ దాని చెల్లెలివేగా, పద” అని రెండోదాన్ని. ఎదుట కమిటీ ఉన్న సంగతే మరిచిపోయాడు. కమిటీ మాత్రం కుర్చీలు ముందుకు జరుపుకుంది.

“ఆ కుచ్చులు కూడా,” అన్నాడు కళ్లజోడాయన.

“తీస్తున్నానండీ.”

“ఎడమపక్క ఆకుపచ్చ సోఫా బాగుంది, ఉంచండి,” అంది ఇంకొకావిడ.

“వద్దమ్మా. అది ఉంటే కుడిపక్క దానికి జోడీ కావాలంటుంది. నిన్న నా కొంప ముంచింది అదే.”

ఫోన్ నంబరును చెయ్యి పట్టుకుని మళ్లీ పైకి తెచ్చాడు. పేజీ మూసి తెరిస్తే ఈసారి చిటికెలో వచ్చింది. పాత కుర్చీ, బాగుపడ్డ కుర్చీ, మూడు వాక్యాలు. గదిలో అందరి కళ్లూ ఒకేచోట ఆగాయి. మేస్త్రి లేచి, కమిటీ వైపు తిరిగి నిలబడ్డాడు. మరదలు నేర్పిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

పెద్దావిడే అడిగింది. “మా కుర్చీల్లోనూ ఇలాగే కూరేస్తారా?”

కాదనడానికి నోరు తెరిచి, మూసుకుని, మళ్లీ తెరిచాడు. “కూరేస్తానేమోనమ్మా. నా చెయ్యి అలాంటిది. చదువుకునేవాళ్లకు ఎంత మెత్తదనం కావాలో నాకు తెలీదు. మీరు కూర్చుని చూసి ఆపమంటే ఆపుతాను, తీయమంటే తీస్తాను.”

“మెత్తగా ఉంటే నిద్రపోతారయ్యా. ఇప్పటికే సగంమంది అందుకే వస్తున్నారు.” ఆవిడ పక్కవాళ్ల మొహాలు చూసింది. “మా హాలు కుర్చీ ఒక్కటి పట్టుకెళ్లి, బాగుచేసి సోమవారం తీసుకురండి. కూర్చున్నాక చెప్తాను.”

సోమవారం హాలు మధ్యలో మేస్త్రి కుర్చీ దించాడు. పెద్దావిడ కూర్చుంది. “ఎక్కువైంది” అంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుని, అడుగు కుట్టు విప్పి రెండు పిడికిళ్లు తీశాడు. ఆవిడ మళ్లీ కూర్చుంది. “ఇంకా ఎక్కువే.” ఇంకో పిడికెడు తీశాడు. తీసిన దూది పక్కన కుప్పగా చూస్తుంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది గానీ కుట్టు మూసేశాడు.

మూడోసారి కూర్చుని, ఆవిడ పక్క బల్ల మీది పుస్తకం అందుకుంది. ఏదో పేజీ తెరిచింది. కళ్లజోడాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, దగ్గాడు, వెళ్లిపోయాడు. మేస్త్రి మోకాళ్లు నొప్పెట్టాయి. ఆవిడ లేవలేదు. లేచే ఉద్దేశం ఉన్నట్టు కూడా కనపడలేదు. చివరికి ఆయనే సూది, దారం సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు ఆవిడ ఉలిక్కిపడి, వేలితో పేజీ తిప్పి, తల ఎత్తకుండానే అంది:

“మిగతావి ఎప్పుడు పట్టుకెళ్తారు?”